గుంపు మేస్త్రి నుంచి గల్ఫ్ ఏజెంటు దాకా: పని చూపించేవాళ్ల పనితనం

పాలమూరు, నారాయణపేట, దేవరకొండ వైపు నుంచి జనాన్ని పనికి పంపేవాళ్లు నాలుగైదు రకాలున్నారు. కూలీలను గుంపుగా తోలుకపోయే గుంపు మేస్త్రి, పట్టణంలో కూలీలు నిలబడే పొద్దుటి అడ్డా, ఫ్యాక్టరీకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు, గల్ఫ్ ఏజెంటు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ. అందరూ అమ్మేది ఒకటే సరుకు, ఇంకో చోట పని. ఆ సరుకుకు ముందు ఎవరు పైసలు పెడతారన్నది మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తీరు. పార పట్టేవాడికి మేస్త్రి పైసలు ఎదురిచ్చి తోలుకపోతాడు. ఐటీఐ చదివినవాడు తానే అప్పు తెచ్చి ఏజెంటుకు కడతాడు. అనుభవమున్న ఇంజినీరుకు కంపెనీయే టికెట్టు కొంటుంది. ఏ సేవ మంచిదో తూచాలంటే మొదటి రూపాయి ఎవరి జేబులోంచి వస్తోందో చూడాలి. తేడా కొట్టేది కూడా అక్కడే.

మొదట గుంపు మేస్త్రి. ఇది అన్నిటికన్నా పాత సేవ, అన్నిటికన్నా తప్పుగా అర్థమైన సేవ కూడా. కరువుంది కాబట్టి పోతున్నారు అనేది సగం మాటే. జూరాల, కోయిల్‌సాగర్, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారే ఊళ్లలో వలస తగ్గిన మాట నిజం. నీళ్లు సరిగా అందని నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఇంకా తగ్గలేదు. అయితే కూలి కోసమే అయితే పక్కనే హైదరాబాదు పట్నం ఉండగా ముంబై, పుణె దాకా ఎందుకు పోవాలి? ఎందుకంటే మేస్త్రి ఇచ్చేది పని ఒక్కటే కాదు, ఒక్కసారిగా చేతిలో పడే మొత్తం. బోరు అప్పుకైనా, బిడ్డ పెళ్లికైనా, ఆసుపత్రి బిల్లుకైనా పట్టాదారు పాసుపుస్తకం లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టదు. మేస్త్రి పాసుపుస్తకం అడగడు, వచ్చే ఆరు నెలల రెక్కల కష్టం మీద ఇస్తాడు. ఉపాధి హామీ కూలి 2025-26లో తెలంగాణలో రోజుకు 307 రూపాయలు. అది వారాల తర్వాత ఖాతాలో పడుతుంది. యాభై వేలు ఒక్క రాత్రిలో కావలసినవాడికి 307 ఎందుకూ అక్కరకు రాదు. కాబట్టి ఈ సేవను కూలి రేటుతో కాదు, అప్పుగా తూచాలి.

లెక్క ఇలా వేసుకోండి. ఒక జోడి, అంటే ఆలుమగలు, యాభై వేలు అడ్వాన్సు తీసుకున్నారనుకుందాం. ఆయనకు 600, ఆమెకు 500, ఇద్దరికీ రోజుకు 1,100. ఖర్చీ, అంటే తిండికీ చేతి ఖర్చుకూ మేస్త్రి ఇచ్చేది, వారానికి రెండు వేలు, 26 వారాలకు 52 వేలు. రానుపోను ఛార్జీలు నాలుగు వేలు లెక్కలో కోస్తారు. మేస్త్రి కమీషను మనిషికి రోజుకు 20 రూపాయలు. ఆరు నెలల్లో 120 హాజర్లు, అంటే పని రోజులు, పడితే వచ్చేది 1,32,000. అడ్వాన్సు, ఖర్చీ, ఛార్జీలు, 4,800 కమీషను తీసేస్తే ఊరికి తెచ్చేది 21,200. అదే 100 హాజర్లే పడితే? 1,10,000లో అడ్వాన్సు 50 వేలు, ఖర్చీ 52 వేలు, ఛార్జీలు 4 వేలు, కమీషను 4 వేలు. మిగిలేది సున్నా. ఇంకో పది రోజులు తగ్గితే వచ్చే ఏడు కూడా అదే మేస్త్రి వెంట పోవాల్సిందే. అంకెలు ఊరూరికీ మారతాయి, లెక్క తీరు మారదు.

ఈ ఇరవై రోజులు ఎక్కడ పోతాయి? కూలోళ్ల బద్ధకం వల్ల పోయేవి తక్కువ. స్టీలు రాలేదని, స్లాబు పోసే మిషను ఆగిందని, ముంబైలో వాన తెరిపివ్వలేదని, సూపర్‌వైజరు డ్రాయింగు మార్చాడని సైటు ఖాళీగా ఉంటుంది. జోడి ఖాళీగా కూర్చున్నా ఖర్చీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే మేస్త్రిని అడగాల్సిన మొదటి ప్రశ్న రోజుకు ఎంత అని కాదు. ఖాళీ రోజు ఎవరి మీద పడుతుంది అని అడగాలి. ఖాళీ రోజుకు కనీసం ఖర్చీ మాఫ్ చేసే మేస్త్రి, కూలి యాభై తక్కువ చెప్పినా, వెయ్యి ఆశ చూపేవాడి కంటే మేలు.

మేస్త్రిని దొంగ అని ఒక్క మాటలో కొట్టేయడం కూడా సరికాదు. బిల్డరు మేస్త్రికి ఇచ్చేది కొలత లెక్కన: సెంట్రింగుకు చదరపు మీటరు, రాడ్ బెండింగుకు టన్ను, ప్లాస్టరింగుకు చదరపు అడుగు. మేస్త్రి కూలోళ్లకు ఇచ్చేది రోజు లెక్కన. మధ్యలో బిల్లు ఆగినా, ప్రతి బిల్లులో కొంత భాగం పని పూర్తయ్యేదాకా పట్టుకున్నా ముందు నలిగేది మేస్త్రి. ఆ నలుగుడు గంటలో కిందికి దిగుతుంది. అందుకే ఒకే బిల్డరు దగ్గర మూడు నాలుగేండ్లుగా చేస్తున్న మేస్త్రి ఎంతో నయం. ఏటా కొత్త బిల్డరు పేరు చెబుతుంటే పాతచోట బిల్లులు తేలలేదని అర్థం చేసుకోవచ్చు.

హాజరు పుస్తకం గురించి ఒక మాట. చొక్కా జేబులో పట్టే చిన్న నోటు బుక్కు అది. ఒక గడిలో తారీఖు, పక్కన హాజరు, ఆ పక్కన తీసుకున్న ఖర్చీ. పూట పనికి అర, రాత్రి స్లాబు పోస్తే ఒకటిన్నర. ఇది మేస్త్రి దగ్గర ఒకటే ఉంటే చివరి లెక్కలో ఆ ఒకటిన్నరలు ఒకట్లు అయిపోతాయి. ఆదివారం ఖర్చీ ఇచ్చేటప్పుడే మేస్త్రి పుస్తకంలోని ఆ వారం పేజీ ఫోటో తీసి పెట్టుకోవాలి. రాయడం రాని జోడి అయితే "ఈ వారం ఆరున్నర హాజర్లు, రెండు వేలు తీసుకున్నం" అని మేస్త్రికే వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పెడితే చాలు. అతను సరే అంటే అదే సాక్ష్యం. ఆడవాళ్ల హాజరు విడిగా రాయించాలి. జోడి పేరిట ఒకే వరుస రాస్తే ఆమె రోజులే ముందు మాయమవుతాయి.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురుంటే వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ అంకె పది అయింది. సొంతూరికి రానుపోను ఛార్జీ యజమాని ఇవ్వాలన్నది అందులోనూ ఉంది. కానీ ఇరవై మంది గుంపును మూడు చిన్న సైట్లకు పంచితే ఏ సైటులోనూ పదికి చేరదు. ఇది తెలియక జరిగే పని కాదు. ఇక "అడ్వాన్సు తీరేదాకా కదలొద్దు" అని పట్టుకుంటే అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద నేరం, ఆ బాకీ చెల్లదు. ఫిర్యాదు కలెక్టరుకో ఆర్డీవోకో ఇవ్వాలి, విడుదల పత్రం చేతికి తీసుకోవాలి. విడుదల పత్రం లేకుండా ఊరికి వచ్చేస్తే పునరావాస సాయం అడగడానికి ఆధారం ఉండదు.

రేషను విషయంలో ఈ సేవకు కాస్త ఊపిరి వచ్చింది. కేంద్ర ఆహార భద్రత కార్డు ఉంటే పుణెలో కూడా వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. అయితే అక్కడ దొరికేది కేంద్రం వాటా మనిషికి అయిదు కిలోలే. 2025లో తెలంగాణ మొదలుపెట్టిన ఆరు కిలోల సన్నబియ్యం ఇక్కడి దుకాణంలోనే. ముసలోళ్లు ఊళ్లోనే ఉంటే కార్డులో వాళ్ల వాటా ఇక్కడ, జోడి వాటా అక్కడ తీసుకోవచ్చు. భవన నిర్మాణ కార్మికుల బోర్డుది ఇంత సులువు కాదు. రాష్ట్రానికో బోర్డు ఉంటుంది. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపి, పని చేసే రాష్ట్రంలోనే పేరు రాయించుకోవాలి. ప్రమాదం జరిగాక తెలంగాణ కార్డు పట్టుకుని మహారాష్ట్ర ఆఫీసు మెట్లెక్కితే లాభం ఉండదు. బడి పిల్లలకైతే సీజనల్ హాస్టళ్లున్నాయి. కురుమూర్తి జాతర అయ్యాక గుంపు కదిలేలోపే బడిలో అడగాలి, రైలెక్కాక కాదు.

అడ్డా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పొద్దున ఏడింటికి పని దొరికితే దొరికినట్టు, తొమ్మిదైతే ఇంటికి పోవాల్సిందే. అప్పు లేదు, కమీషను లేదు, సాయంత్రానికి పైసలు చేతిలో. తాపీ పట్టే సుతారికి ఇది అన్నిటికన్నా మంచి దారి, ఎందుకంటే అతని పేరు చుట్టుపక్కల తెలిసి ఉంటుంది. తట్ట మోసేవాడికి వారంలో మూడు నాలుగు రోజులే దొరకొచ్చు. అందుకే ఒకే అడ్డా మీద నిలబడ్డ ఇద్దరిలో చేతిలో పనున్నవాడు ఊళ్లోనే నిలుస్తాడు, లేనివాడు ముంబై పోతాడు. వలస పోయేవాళ్లు ధైర్యవంతులనో, ఉండిపోయేవాళ్లు సోమరులనో అనడానికి ఇందులో ఏమీ లేదు.

మనవాళ్లు పోతుంటే వచ్చేవాళ్లు ఎందుకొస్తున్నారు? మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బిహారు హమాలీలు. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద నాట్లకు బిహారు, బెంగాలు గుంపులు. యాదాద్రి, రంగారెడ్డి ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు. చాలామంది రైతులు "మనోళ్లు పని చేయరు" అని తేల్చేస్తారు. అసలు తేడా లెక్క కట్టే తీరులో ఉంది. మన ఆడవాళ్లు కైకిలికి, అంటే కూలికి, పూట లెక్కన పోతారు. పొద్దున ఇంటి పని చేసుకుని మడికి వస్తారు, సాయంత్రం పశువులకు గడ్డి వేయడానికి ఇల్లు చేరాలి. బయటి గుంపు ఎకరం గుత్తకు పట్టి, పొలం దగ్గరే వండుకుని, తెల్లారి నుంచి చీకటి దాకా నాటుతుంది. నెలన్నరలో వీలైనన్ని ఎకరాలు వేసి రైలెక్కాలన్నదే వాళ్ల లెక్క. రైతుకు ఆ సేవలో ఉన్న లోపం ఒక్కటే. గుత్త గుంపు తాడు పట్టకుండా తొందరలో మొక్క దూరం దూరంగా వేస్తుంది, మూలలు వదిలేస్తుంది. ఎకరం రేటు మాట్లాడేటప్పుడే తాడు పెట్టి నాటాలని, పలుచబడ్డ చోట మళ్లీ వేయాలని ఒప్పుకోవాలి. నారు పీకే కూలి రేటులో ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. చాలా తగాదాలు అక్కడే మొదలవుతాయి.

ఫ్యాక్టరీ కాంట్రాక్టరు దగ్గరికొద్దాం. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్, కొత్తూరు, షాద్‌నగర్ ఫ్యాక్టరీలు ఐటీఐ ఫిట్టర్లకు, బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలకు ఊరు వదలకుండా పని ఇచ్చాయి. పొద్దున బస్సెక్కి రాత్రికి ఇంట్లో అన్నం తినడం చిన్న సంగతి కాదు. కానీ ఎక్కువ మందిని తీసుకునేది కంపెనీ కాదు, కాంట్రాక్టరు. నెల జీతం 16 వేలు అని చెబుతాడు, చేతికి పదమూడున్నర వస్తుంది. పీఎఫ్‌కు కార్మికుడి వాటా 12 శాతం, యజమాని వాటా మరో 12 శాతం. ఈఎస్ఐకి కార్మికుడిది 0.75 శాతం, యజమానిది 3.25. చాలాచోట్ల యజమాని వాటాను కూడా ఆ 16 వేలలోంచే లాగుతారు. పట్టుకునే దారి సులువు. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాసుబుక్కు తెరిస్తే రెండు వాటాలు ఏ నెల ఎంత పడ్డాయో కనిపిస్తుంది. జీతం చీటీ పక్కన పెట్టి చూసుకోవాలి. మూడు నెలలుగా ఏమీ పడకపోతే కాంట్రాక్టరును కాదు, కంపెనీ హెచ్ఆర్‌ను అడగాలి. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన పీఎఫ్‌కు అసలు యజమాని కూడా బాధ్యుడే. కాంట్రాక్టరు మారిన ప్రతిసారి కొత్త యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) తీస్తామంటే ఒప్పుకోవద్దు. ఒక మనిషికి ఒకటే నంబరు.

గల్ఫ్ ఏజెంటు సేవ దక్షిణ తెలంగాణలో తక్కువ, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఎక్కువ. దీనికి కారణం పాలమూరు వాళ్లకు దుబాయి తెలియకపోవడం కాదు. దుబాయికి ముందు పైసలు పెట్టాలి, ముంబైకి ముందు పైసలు వస్తాయి. కుదువ పెట్టడానికి రెండెకరాలున్నవాడు గల్ఫ్ పోయాడు, ఏమీ లేనివాడు భివండీ, పుణె పోయాడు. ముందు పోయినవాడు తమ్ముణ్ణి, బామ్మర్దిని పిలుచుకున్నాడు. ఆ దారి అలాగే గట్టిపడింది.

ఇక్కడ ధర చట్టంలోనే ఉంది. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగింది గరిష్ఠంగా 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రశీదు ఇవ్వాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు అనేవాడికి చట్టంలో చోటే లేదు. అయినా లక్షన్నర అడగడం మామూలైపోయింది. లక్షన్నర నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి, నెలకు పదిహేను వేలు ఇంటికి పంపితే అప్పు తీరేది పన్నెండో నెలలో. మూడు రూపాయల మిత్తి అయితే పదమూడో నెల. రెండేండ్ల ఒప్పందంలో సగం అప్పుకే పోతుంది. మధ్యలో కంపెనీ మూతపడినా, ఆరోగ్యం చెడినా మునగడం ఖాయం.

పైసలు కట్టే ముందు చూడాల్సినవి. కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు నంబరు కొట్టి, అది నడుస్తోందో రద్దయిందో చూడాలి. అక్కడున్న ఆఫీసు చిరునామా, ఏజెంటు చెప్పింది ఒకటేనా అని సరిచూడాలి. పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందకు వస్తుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద పోవాలంటే వారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన: రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. "విజిట్ వీసా మీద పోదాం, అక్కడ మార్చుకుందాం" అంటే ఈ రెండూ ఉండవు. ఇంత చవక బీమాను ఏజెంటు ఎగ్గొట్టేది 275 కోసం కాదు. క్లియరెన్సుకు ఎక్కితే ఒప్పందం కాగితం, జీతం అంకె పోర్టల్‌లో నమోదవుతాయి. విమానం దిగాక వేరే కాగితం మీద సంతకం పెట్టించడం అప్పుడు కష్టం. ఆజాద్ వీసా మాట కూడా అంతే. వీసా మీద ఉన్న యజమాని ఒకడు, పని ఇచ్చేవాడు ఇంకొకడు. మొదటివాడు పారిపోయాడని రాసిన రోజు మనిషి ఖల్లివెల్లి, అంటే చెల్లే కాగితాలు లేనివాడు, అయినట్టే. అక్కడి నుంచి జీతం బాకీ అడగడానికి నోరుండదు.

చేతిలో పనుంటే ఇదే సేవ వేరేగా కనిపిస్తుంది. సౌదీకి ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు లాంటి వీసాలకు ఇప్పుడు నైపుణ్య పరీక్ష సర్టిఫికెట్ అడుగుతున్నారు. హెల్పరు వీసా కొని అక్కడ పని నేర్చుకునే పాత పద్ధతికి ఇది అడ్డుగోడ. ఇక్కడే పని నేర్చి పరీక్ష పాసైనవాడికి మాత్రం బేరమాడే బలం. ఇజ్రాయెల్‌కు 2024లో ప్రభుత్వం ద్వారా మనుషుల్ని తీసుకున్నప్పుడు అడిగింది నాలుగు పనులే: సెంట్రింగు, రాడ్ బెండింగు, టైల్స్, ప్లాస్టరింగు. పాలమూరు గుంపుల్లో ఈ నాలుగూ చేసేవాళ్లకు కొదవ లేదు. పరీక్షలో చూసింది మాత్రం డ్రాయింగు చదవడం, లెవెల్, కోణం తప్పకపోవడం. సెంట్రింగు మేస్త్రి వెనుక పదేండ్లు పలకలు మోసినా టేపు చేతికివ్వకపోతే ఆ పరీక్షకు పనికిరాడు.

ప్రభుత్వ సేవ అంటే టామ్‌కామ్, తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. ఇది కూడా లైసెన్సున్న ఏజెంటే, తేడా ఏమంటే కింద దళారీ ఉండడు. జర్మనీ నర్సులు, జపాన్ కేర్ వర్కర్లు దీని బలం. బలహీనత కూడా అందులోనే ఉంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే జర్మన్ భాష బీ2 స్థాయి దాకా రావాలి. జీతం లేకుండా హైదరాబాదులో ఉండి చదవాలి. నాగర్‌కర్నూల్ నర్సింగ్ కాలేజీ అమ్మాయికి భాష కష్టం కాదు, ఆ నెలల హాస్టలు ఖర్చే కష్టం. క్లాసుల్లో చేరేముందు ఫీజు ఎంత, వసతి ఎవరిది, బీ2 తప్పితే మళ్లీ పరీక్ష ఫీజు ఎవరిది అని రాతపూర్వకంగా అడగాలి.

సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీలకు నాలుగు మాటలు చాలు. అనుభవమున్నవాడిని కంపెనీయే వెతుక్కుంటుంది, అతనికి ఈ సేవతో పని లేదు. కొత్తగా బీటెక్ పాసైన పిల్లల దగ్గర "బ్యాక్‌డోర్" (దొడ్డిదారి ఉద్యోగం) అని రెండు మూడు లక్షలు తీసుకునేవాళ్లున్నారు. ఆఫర్ లెటరు కంపెనీ సొంత మెయిల్ డొమైను నుంచి రాకపోతే, డిపాజిట్ అడిగితే, లేని అనుభవం కాగితం తయారు చేస్తామంటే లేచి రావడమే. ఆ కాగితం వెనుక పీఎఫ్ చరిత్ర ఉండదు, కంపెనీలు ముందు చూసేది దాన్నే. అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బీ ఫీజు ఉద్యోగి నుంచి వసూలు చేయడం అక్కడి నిబంధనలకే విరుద్ధం. 2025 సెప్టెంబరు నుంచి అమెరికా బయట ఉన్నవారికి వేసే కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఆ తర్వాత కూడా "స్లాటు ఉంది, అయిదు లక్షలు కట్టు" అనే కన్సల్టెన్సీని ఒక్క ప్రశ్న అడగండి: ఆ లక్ష డాలర్లు కట్టే కంపెనీ పేరేమిటి?